సమీకరణాల పాఠంలో పద్ధతి కంటే ముందు అర్థం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి విద్యార్థుల కోసం మీ విద్యా పేజీలో ఇస్తున్న గణిత పాఠాల్లో, రెండు చరరాశుల (విలువ తెలియని రాశుల) రేఖీయ సమీకరణాల జతను ప్రతిక్షేపణ (ఒక చరరాశిని రెండోదాని రూపంలో రాసి రెండో సమీకరణంలో వేయడం), తొలగింపు (సమీకరణాలను కూడి లేదా తీసివేసి ఒక చరరాశిని పోగొట్టడం) పద్ధతుల్లో సాధించే సోపానాలు చక్కగా ఉంటున్నాయి గానీ, ఆ సోపానాలు ఎందుకు పనిచేస్తాయో చెప్పే మాట ఒక్కటీ ఉండడం లేదు. చాలా తరగతి గదుల్లోనూ ఇదే లోటు.

9వ శతాబ్దపు మహావీరాచార్యుడి ‘గణితసార సంగ్రహం’లో ఒక లెక్క ఉంది. (ఈ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.) 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101, ఒక్కొక్కదాని వెల ఎంత? మొదటి వాక్యం ఒక్కటే ఉంటే వెలలు 8, 5 కావచ్చు, 1, 14 కూడా కావచ్చు. అలాంటి జతలకు అంతే లేదు. వాటిలో రెండో వాక్యానికీ సరిపోయే జతను పట్టుకోవడమే సాధన. రెండు కొనుగోళ్లనూ కలిపితే 16 మాదీఫలాలకు, 16 వెలగపండ్లకు 208, అంటే ఒక్కో జతకు 13. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే, 2 మాదీఫలాల వెల 2 వెలగపండ్ల వెల కంటే 6 ఎక్కువ, అంటే ఒక్కోదానికి 3 తేడా. కాబట్టి 8, 5. సమీకరణాలను కూడడం, తీసివేయడం అంటే ఏమిటో ఇలా చూసిన పిల్లవాడికి సూత్రం బట్టీ పట్టే అవసరం రాదు.

అర్థం తెలియకపోతే వచ్చే చిక్కు సాధన లేని లెక్కల్లో బయటపడుతుంది. ఒక పెన్ను, రెండు నోటుపుస్తకాలు 80 రూపాయలని, అవే ధరలకు రెండు పెన్నులు, నాలుగు నోటుపుస్తకాలు 200 రూపాయలని ఇస్తే, తొలగింపు పద్ధతిలో చరరాశులు రెండూ పోయి సున్నా 40కి సమానమని తేలుతుంది. తానే ఎక్కడో తప్పు చేశానని విద్యార్థి సరైన పనినంతా కొట్టేస్తాడు. రెట్టింపు సరుకుకు 160 కావలసిన చోట 200 అన్నారు గనుక అలాంటి ధరలే ఉండవని, గ్రాఫు గీస్తే ఆ రెండు సమీకరణాల రేఖలు సమాంతరంగా సాగి ఎక్కడా కలవవని అతనికి ముందే తెలిసి ఉండాలి.

అందువల్ల మీ పేజీలో ఇకపై ఇచ్చే ప్రతి లెక్కకూ గ్రాఫును, వచ్చిన విలువలను రెండు సమీకరణాల్లోనూ వేసి సరిచూసే సోపానాన్ని జతచేయాలని, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఆ సరిచూడడానికి విడిగా ఒక మార్కైనా కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు