ప్రపోజల్ కాదన్నప్పుడు కారణం చెప్పరా?

సంపాదకుడు గారికి,

స్వచ్ఛంద సంస్థలు నిధుల కోసం ప్రపోజల్ ఎలా రాసుకోవాలో చెబుతూ పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ మనసు ఒప్పలేదు. చక్కని భాష, మనసు కరిగించే ఒక కథ, రెండు ఫోటోలు ఉంటే ఫండింగ్ వచ్చేస్తుందన్నట్టు రాశారు. పదకొండేళ్లుగా ఒక చిన్న సంస్థలో ఈ పనే చేస్తున్నాను. ఆ మాట నమ్మి కొత్తవాళ్లు ఎన్ని నెలలు పోగొట్టుకుంటారో నాకు తెలుసు.

ఎందుకంటే నేనూ పోగొట్టుకున్నాను. మా కేంద్రంలో కంప్యూటర్లు లేవు, పిల్లలు వెనకబడుతున్నారు అని నాలుగు పేజీలు కన్నీళ్లు వచ్చేలా రాసి పంపాను. రాలేదు. తర్వాతెప్పుడో అనుభవమున్న ఒక పెద్దాయన ఆ కాగితాలు తిరగేసి, "అమ్మా, కంప్యూటర్లు లేకపోవడం మీ లోటు. పిల్లల సమస్య ఏమిటో ఇందులో ఎక్కడా లేదే" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైనంత రెండు శిక్షణ తరగతుల్లోనూ అర్థం కాలేదు.

ఇలాంటివి మీ వ్యాసంలో ఉండాల్సింది. రెండు వందల మందికి శిక్షణ ఇస్తాం అనేది అవుట్‌పుట్. ఆ శిక్షణ వల్ల వాళ్లలో ఎంతమంది బతుకులో ఏం మారిందనేది అవుట్‌కమ్. డోనర్ అడిగేది రెండోది, మనలో ఎక్కువమంది రాసేది మొదటిది. అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం 1969లో తయారైన, ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాలు ఒకే చోట చూపించే లాగ్‌ఫ్రేమ్ అనే పట్టికను ఇప్పటికీ చాలామంది డోనర్లు అడుగుతారు. అందులో చివరి నిలువు వరుస మన చేతిలో లేని పరిస్థితుల కోసం. అందరం దాన్ని ఆఖర్న ఏదో ఒకటి రాసి నింపేస్తాం. నిజానికి దాన్ని నిజాయితీగా ముందే ఆలోచిస్తే, సగం ప్రాజెక్టులు కాగితం మీదే సరిదిద్దుకోవచ్చు.

ఇక బడ్జెట్. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, ఆడిట్ ఖర్చు రాస్తే ఓవర్‌హెడ్, అంటే సంస్థను నడిపే ఖర్చు, ఎక్కువైందని కొట్టేస్తారు. లెక్కలు మాత్రం పైసాతో సహా సరిగ్గా ఉండాలంటారు. అకౌంటెంట్ లేకుండా ఆ లెక్కలు ఎవరు రాయాలి? ఓవర్‌హెడ్ శాతం ఒక్కటే చూసి సంస్థ మంచిచెడ్డలు తేల్చవద్దని, స్వచ్ఛంద సంస్థల గురించి దాతలకు సమాచారం ఇచ్చే అమెరికా సంస్థలు గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి 2013లోనే దాతలకు బహిరంగ లేఖ రాశాయి. ఇన్నేళ్లయినా చాలామంది డోనర్ల చెవికెక్కలేదు.

వ్యాసం చివర్లో, రాయడం రాకపోతే వచ్చిన నిధుల్లో కొంత శాతం ఇచ్చే పద్ధతిన కన్సల్టెంట్‌ను పెట్టుకోమన్నారు. ఇది చాలా తప్పుడు సలహా. ఇలా కమీషన్ మీద పనిచేయడాన్ని, ప్రపోజల్స్ రాసేవాళ్ల అమెరికా సంఘమైన గ్రాంట్ ప్రొఫెషనల్స్ అసోసియేషన్ తన నైతిక నియమావళిలోనే నిషేధించింది. ఒక పని కోసమని ఇచ్చిన డబ్బులోంచి రాసినవారికి వాటా ఎలా తీస్తారు? పైగా వాటా ఉందంటే అవసరాన్ని ఉన్నదానికంటే పెంచి రాస్తారు.

నా అసలు బాధ వేరే ఉంది. ఈ పని తప్పులు దిద్దుకుంటూ నేర్చుకునేది. ఆ తప్పేమిటో ఎవరూ చెప్పరు. రెండు వారాల గడువిచ్చి ముప్పై పేజీలు అడుగుతారు. ఒకే సమాచారం ఒక్కో డోనర్‌కు ఒక్కో ఫారంలో కావాలి. ఆఖరి రోజు వెబ్‌సైట్ తెరుచుకోదు, ఫోన్ చేస్తే ఎత్తరు. ఆ టెన్షన్ అంతా పడి పంపిస్తే నాలుగు నెలలకు "మీ ప్రతిపాదన మా ప్రాధాన్యాలకు అనుగుణంగా లేదు" అని ఒక్క వాక్యం వస్తుంది. కొన్నిసార్లు అదీ రాదు. ప్రభుత్వ శాఖలైనా ప్రైవేటు ఫౌండేషన్లైనా ఇదే తీరు. ఇదివరకు ఉత్తరానికి ఉత్తరం రాసే అధికారులుండేవారు. ఇప్పుడు జవాబివ్వడమే తమ పని కాదనుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

ఇది చేయలేని పనేమీ కాదు. పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా సంస్థ ఎన్‌ఐహెచ్, నిధులు దక్కని దరఖాస్తుదారులకు కూడా సమీక్షకుల అభిప్రాయాలు రాతపూర్వకంగా పంపుతుంది. అంత వివరంగా మాకక్కర్లేదు. సమస్య వివరణకు ఎన్ని మార్కులు, బడ్జెట్‌కు ఎన్ని, ఎక్కడ తేలిపోయింది అని రెండు లైన్లు రాస్తే చాలు. ఎలాగూ వాళ్ల దగ్గర మార్కుల షీటు ఉంటుంది కదా.

వచ్చే వారం వ్యాసం రెండో భాగం వేస్తామన్నారు. అందులో గెలిచిన ప్రపోజల్ నమూనా వేయకండి. తిరిగొచ్చిన ఒక ప్రపోజల్ తీసుకుని, పేరు తీసేసి, ఎక్కడెక్కడ దెబ్బతిందో పక్కన రాసి వేయండి. కావాలంటే నావే ఏడు ఉన్నాయి, పంపిస్తాను.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద సంస్థ ఉద్యోగిని