నంబరు ఎక్స్ఛేంజిలో ఉంది, అడిగేవారే లేరు

సంపాదకుడు గారికి,

ఆఫీసు ల్యాండ్‌లైన్లకు వస్తున్న ఆకతాయి, బెదిరింపు కాల్స్ గురించి కిందటి వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఫోనులో నంబరు కనిపించలేదు కనుక చేసినవారిని పట్టుకోవడం కష్టమన్న అధికారుల జవాబును మీ విలేకరి ఎదురు ప్రశ్న వేయకుండా రాసేశారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు బాధ్యత చూస్తున్న నాకు అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

చేసినవాడు తన నంబరు దాచిపెట్టుకున్నా అది ఎక్స్ఛేంజి దాకా వచ్చే తీరుతుంది. సంస్థలు తీసుకునే పీఆర్ఐ లైన్లకు, అంటే ఒకేసారి ఎన్నో కాల్స్ నడిచే డిజిటల్ లైన్లకు, మాలీషియస్ కాల్ ఐడెంటిఫికేషన్ (వేధింపు కాల్ ఏ నంబరు నుంచి వచ్చిందో పట్టుకోవడం) అనే సదుపాయం ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థ ప్రమాణాల్లోనే ఉంది. కాల్ నడుస్తుండగా ఆపరేటర్ ఒక కోడ్ నొక్కితే చేసిన నంబరు, అందుకున్న నంబరు, తేదీ, సమయం ఎక్స్ఛేంజిలో నమోదవుతాయి. వాటిని మా చేతికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పోలీసులు అడిగితే ఇస్తారు. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీదుగా దొంగ నంబర్లతో చేసే కాల్స్ సంగతి వేరు, అవి నిజంగానే కష్టం. మమ్మల్ని వేధించేవాడికి అంత తెలివి ఉందని నేను అనుకోను.

ఆ సదుపాయం మా లైనుకు పెట్టమని అడిగితే టెలికాం కంపెనీ వారు పోలీసుల లేఖ తెమ్మన్నారు. స్టేషనుకు వెళితే, ముందు కంపెనీ నుంచి నంబరు తెచ్చుకోండి, తరవాత చూద్దామన్నారు. ఈలోగా రాత్రి డ్యూటీలో ఉన్న ఆడపిల్లలు ఆ బూతులు వింటూనే ఉన్నారు. ఇంట్లో అయితే రిసీవరు తీసి పక్కన పెట్టేయవచ్చు. ఆసుపత్రి ఫోను మోగితే ఎత్తి తీరాలి, అవతల పురిటినొప్పుల మనిషి తాలూకు వారు ఉండవచ్చు, అంబులెన్స్ కోసం ఎవరో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేస్తుండవచ్చు. అది తెలిసే వాడు ఇక్కడికి చేస్తున్నాడు. మా ఆపరేటర్ ఒకమ్మాయి భరించలేక ఉద్యోగం మానేసింది.

చట్టాలకు కొదవ లేదు. స్త్రీని అవమానించే మాటలకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. పేరు దాచుకుని బెదిరిస్తే 351(4) కింద అసలు శిక్షకు తోడు మరో రెండేళ్ల దాకా పడవచ్చు. కాల్ వివరాలు కనీసం రెండేళ్లు భద్రపరచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులోనే కంపెనీల లైసెన్సు షరతు మార్చింది. వీటిలో ఏ ఒక్కటీ స్టేషను బల్ల దాకా చేరినట్టు లేదు.

యాజమాన్యాలనూ ఒక మాట అనాలి. ఏ కాల్ ఏ ఎక్స్‌టెన్షన్‌కు (లోపలి ఫోనుకు) ఎప్పుడు వచ్చిందో ఈపీఏబీఎక్స్ బోర్డే, అంటే సంస్థ లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపే యంత్రమే, చిట్టా రాస్తుంది, చిన్న బోర్డుల్లో మెమరీ నిండగానే పాతవి చెరిగిపోతాయి. దాన్ని ఒక కంప్యూటరుకు కలిపి దాచమంటే ఖర్చు అంటారు. వేధించేవాడు లోపలి ఎక్స్‌టెన్షన్ నుంచే చేస్తుంటే బయటపడేది ఆ చిట్టాలోనే అని వారికి ఎవరు చెప్పాలి?

మీ విలేకరి ఈసారి పోలీసు అధికారులను ఒకటే అడగాలి. ఫిర్యాదు అందాక టెలికాం కంపెనీకి లేఖ రాయవలసింది ఏ హోదా అధికారి, ఎన్ని రోజుల్లో? ఆ జవాబు అచ్చువేయండి, మా బోర్డు పక్కన అంటించుకుంటాం.

- ఒక ఆసుపత్రి టెలిఫోన్ విభాగం ఉద్యోగి, గుంటూరు