ఫైల్‌లోకి రాసేటప్పుడు కాస్త చూసుకోండి

ఫ్రెండ్స్, గ్రూప్‌లో పెట్టిన కోడ్‌లు చూస్తుంటే ఎక్కువమంది అసలు ఫైల్‌నే నేరుగా 'డబ్ల్యూ' మోడ్‌లో, అంటే కొత్తగా రాసే మోడ్‌లో, తెరుస్తున్నారు. అలా తెరిచిన క్షణమే పాత డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, కొత్తది ఇంకా రాయనే లేదు, సరిగ్గా ఆ మధ్యలో ప్రోగ్రామ్ క్రాష్ అయినా కరెంటు పోయినా పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

కాబట్టి అదే ఫోల్డర్‌లో ఒక టెంపరరీ ఫైల్‌కి రాసి, ఫ్లష్ చేసి, ఎఫ్‌సింక్ పిలిచి, ఆ తర్వాతే దానికి అసలు పేరు పెట్టండి. పైథాన్‌లో అయితే ఈ పేరు మార్పుకి ఓఎస్ మాడ్యూల్‌లో రీప్లేస్ అనే ఫంక్షన్ ఉంది. అదే ఫోల్డర్ అని ఎందుకంటున్నానంటే, టెంపరరీ ఫైల్ వేరే డ్రైవ్‌లో ఉంటే ఈ పేరు మార్పు కుదరదు, ఎర్రర్ వస్తుంది. ఫ్లష్ ఒక్కటి చాలదా అని అడుగుతారేమో... ఫ్లష్ డేటాను ప్రోగ్రామ్ బఫర్ (డేటాను కాసేపు ఉంచుకునే మెమరీ) నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పి ఊరుకుంటుంది, దాన్ని డిస్క్ మీదకి పంపించేది ఎఫ్‌సింక్. అలాగని ప్రతి లైన్‌కీ పిలవకండి, ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది.

తెలుగు టెక్స్ట్ ఉంటే రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) యూటీఎఫ్-8 అని మీరే ఇవ్వండి.

ఇక భద్రత. బేస్64 అంటే డేటాను మామూలు అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి అంతే, ఎన్‌క్రిప్షన్ కాదు బాబూ, కీ లేకుండానే ఎవరైనా విప్పేస్తారు! పాస్‌వర్డ్‌లను ఆర్గాన్2, బీక్రిప్ట్ లాంటి వాటితో హ్యాష్ చేసే, అంటే వెనక్కి విప్పలేని రూపంలోకి మార్చే, దాచాలి. బయటివాళ్లు పంపిన పికిల్ ఫైల్ (పైథాన్ ఆబ్జెక్ట్‌లను దాచే ఫైల్) మాత్రం లోడ్ చేయొద్దు, అందులోంచి ఏ కోడ్ అయినా రన్ అవ్వొచ్చు. సెట్టింగ్స్‌కి జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫార్మాట్ చాలు. ఒకే డేటాను ఒకేసారి ఇద్దరు మార్చే పని ఉంటే ఫైల్ లాకులతో కుస్తీ పట్టడం కంటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కి మారిపోండి, నా ఓటు దానికే. లినక్స్‌లో రహస్య కీలు ఉన్న ఫైల్‌కి పర్మిషన్ 600 (ఓనర్ మాత్రమే చదవగలడు, రాయగలడు) పెట్టడం మరవకండి.