రాజ్‌విహార్ నెట్ సెంటర్‌లో కలిసిన అన్నకు

అన్నా, మీ పేరు కూడా అడగలేకపోయాను. పోయిన శనివారం సాయంత్రం కర్నూలు రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటర్‌కి మీరు బస్ టికెట్ ప్రింట్ కోసం వచ్చారు. పక్క సిస్టమ్ ముందు తల పట్టుకుని కూర్చున్నది నేనే. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్‌లో చేసిన గేమ్, కొండారెడ్డి బురుజు మెట్లెక్కే పిల్లాడిది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచేవాడు, అక్కడ రెట్టింపు వేగంతో ఉరికి గోడకు గుద్దుకుంటున్నాడు. సోమవారం కాలేజీలో చూపించాలి, ఒకటే టెన్షన్.

పాడైపోయిన ప్రింట్ కాగితం వెనక మీరు లెక్క వేశారు. ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, పిల్లాణ్ణి 5 పిక్సెళ్లు జరిపితే, సెకనుకు 30 ఫ్రేములు వచ్చే చోట 150, 60 వచ్చే చోట 300. "వేగం సెకనుకు ఎంతో చెప్పు తమ్ముడూ, దాన్ని డెల్టాతో గుణించు" అన్నారు. డెల్టా అంటే పోయిన ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య గడిచిన కాలం. వీడియోల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎందుకు గుణించాలో మాత్రం అప్పుడే అర్థమైంది. కీబోర్డు మీరు ముట్టుకోలేదు, నాతోనే రాయించారు. అది నేను మర్చిపోలేను.

థ్యాంక్స్ చెప్పేలోపే బస్సు టైమైందని వెళ్లిపోయారు. సోమవారం ల్యాబ్‌లో మూడు సిస్టమ్స్ మీద ఆడించాం. మూడింట్లోనూ పిల్లాడు ఒకే వేగంతో మెట్లెక్కాడన్నా. ఆ కాగితం నా దగ్గరే ఉంది. చాలా థ్యాంక్స్.