శత్రువు మారుపేరు ఉత్త సరదా కాదు

సంపాదకులకు,

అంతరిక్ష వార్‌గేమ్‌ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ గ్రహాంతర శత్రువులకు సిపాయిలు పెట్టే మారుపేర్లను 'కుర్రకారు సరదా' అని తీసిపారేశారు. తెలుగులో ఇలాంటి ఆటలు రాసేవాళ్లు ఆ మాట నమ్మితే చిక్కే.

మన విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనే చూడండి. అక్కడ మ్యూజియంగా మారిన సోవియట్ విమానం టీయూ-142ను అవతలి పక్షమైన నాటో వాళ్లు 'బేర్' అన్నారు. 'బీ'తో మొదలైతే బాంబర్ల కోవ (ఇది సముద్ర గస్తీ విమానమే అయినా టీయూ-95 బాంబర్ నుంచి వచ్చింది). ఇంగ్లీషులో ఒక్క పలుకైతే ప్రొపెల్లర్‌ది, రెండు పలుకులైతే జెట్. పేరు వినగానే ఎదుట ఉన్నదేమిటో తెలిసిపోవాలి. ఆటలో మారుపేరు చేయాల్సిన పనీ అదే.

అయితే ఇవి ఆఫీసులో పెట్టిన పేర్లు. సిపాయి నోట పేరు అరుగుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సిపాయిలకు శత్రువులైన వియత్‌కాంగ్ గెరిల్లాలు మొదట పొడి అక్షరాల్లో 'వీసీ', రేడియోలో ఆ అక్షరాలకు వాడే మాటలతో 'విక్టర్ చార్లీ', చివరికి వట్టి 'చార్లీ'. మీ ఆటలోనూ మొదటి మిషన్‌లో 'గొంగళిపురుగు' అనిపించి, రెండోదానికి 'గొంగళి', నాలుగోదానికి 'గొంగ' చేయండి. కొత్తగా చేరినవాడు మాత్రం పూర్తి పేరే అంటాడు, పాతవాళ్లు నవ్వుతారు.

తెలుగులో చప్పున తట్టేది 'గాడు' తగిలించడం: ఉమ్ముగాడు, పాకుడుగాడు, బుసగాడు. చదవడానికి బాగుంటాయి, వాయిస్‌చాట్‌లో బెడిసికొడతాయి. బటన్ నొక్కీ నొక్కకముందే మాట్లాడితే మొదటి అక్షరాలు ఎగిరిపోయి చివరి 'గాడు' ఒక్కటే చెవిన పడుతుంది. రికార్డు చేసిన డైలాగులకు ఇంకో తంటా. వైర్‌లెస్ ధ్వని రావాలని 300–3,400 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ పెడతారు. 'స', 'ఫ'ల గాలిశబ్దం చాలావరకు అంతకు పైనే ఉంటుంది కాబట్టి 'సాలీడు' అంటే ఏ 'ఆలీడు'గానో వినిపిస్తుంది. పీత, తొండ, నత్త, జెల్ల లాంటివి నయం: రెండేసి అక్షరాలు, మొదటి అచ్చు దేనికది వేరు, గొంతెత్తి అరవొచ్చు. వెటకారానికి వేగంగా పరిగెత్తేదాన్ని 'నత్త' అన్నారో, కొత్త ఆటగాడు మొదటి రౌండ్‌లోనే చస్తాడు.

ఒంటిరంగు, కులం, యాస జోలికి పోవద్దు. శత్రువు అవయవమో, ఆయుధమో, అలవాటో చాలు. గ్రహాంతరవాసి నోట శ్రీకాకుళం యాస పెట్టి నవ్విస్తామంటే నవ్వులపాలయ్యేది శ్రీకాకుళం వాళ్లే.

చాలామంది మరిచేది ఇంకొకటి: శత్రువు తనను తాను ఏమని పిలుచుకుంటాడు? 'హేలో' అనే వీడియో ఆటలో మనుషులు గ్రంట్, జాకల్, ఎలీట్ అనే జాతుల సొంత పేర్లు ఉంగోయ్, కిగ్-యార్, సాంఘేలీ. మారుపేరు పక్కనే ఈ సొంత పేరు కూడా మొదటే రాసిపెట్టుకోవాలి. లేదంటే ఖైదీగా దొరికిన శత్రువును 'ఎవరు నువ్వు?' అని అడిగితే, వాడూ 'పీతను' అనే చెప్తాడు.

– కొందరు వార్‌గేమ్ ఆటగాళ్లు, విశాఖపట్నం