"యా ఊరుమా" అని అడిగిన పెద్దాయనకి, ఇంకా కొంతమందికి

నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఫోనొచ్చింది, నా భారత పౌరసత్వం ఫైలు పైకి వెళ్లిపోయిందని. పైకి అంటే ఢిల్లీ అనుకునేరు, ఇంకా రాష్ట్రం హోం డిపార్ట్‌మెంట్ దాకానే. అయినా పద్నాలుగు నెలల తర్వాత అది ఒక టేబుల్ దిగి ఇంకో టేబుల్ ఎక్కిందని మా ఇంట్లో సేమ్యా పాయసం చేశాం. రాత్రి నిద్ర పట్టలేదు, కళ్లు మండుతున్నాయి, కానీ ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయనని తెలుసు కాబట్టి కూర్చున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. పుట్టింది నెల్లూరు. పదేళ్లప్పుడు అమ్మానాన్నతో అమెరికా వెళ్లా. 2005లో వాళ్లు అక్కడ సిటిజన్లయ్యారు, గ్రీన్‌కార్డుతో వాళ్ల దగ్గరే ఉన్న 18 లోపు పిల్లలకి ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది కాబట్టి నాకూ వచ్చేసింది, నన్నెవరూ అడగలేదు, ఆ రోజు నాకు కెమిస్ట్రీ టెస్టు. 2013లో రెండేళ్లు ఉద్యోగం చేసి పోదాంలే అని బెంగళూరొచ్చి, పెళ్లి, పాప, మారతహళ్లి ట్రాఫిక్, అన్నీ ఇక్కడే. ఓసీఐ కార్డు ఉంది, అంటే వేరే దేశం పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. దాంతో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యొచ్చు, ఫ్లాట్ కొనొచ్చు. పొలం మాత్రం కొనకూడదు, ఓటు లేదు. 2024 ఏప్రిల్ 26న ఇక్కడ పోలింగ్ రోజు, వేలి మీద ఇంకు చూపిస్తే కొన్ని హోటళ్లలో దోసె ఫ్రీ అన్నారు గుర్తుందా, మా ఆయన ఫ్రీ దోసె తిన్నాడు, నేను నా దోసెకి బిల్లు కట్టాను. నవ్వుకున్నాం గానీ ఆ బిల్లు నాకు అరగలేదు. ఓసీఐ వచ్చి అయిదేళ్లు దాటి, అప్లై చేసే ముందు ఏడాది ఇక్కడే ఉంటే భారత పౌరసత్వానికి రిజిస్ట్రేషన్ అడగొచ్చు, పౌరసత్వ చట్టం సెక్షన్ 5(1)(జి). అడిగాను. చివర్లో అమెరికా పాస్‌పోర్ట్ వదులుకోవాలి, మన దగ్గర రెండు పౌరసత్వాలు ఉండవు కదా. చుట్టాలందరూ నాకు పిచ్చెక్కిందన్నారు, అది వేరే కథ.

అప్లై చేసిన అయిదో నెలలో మా కంపెనీ మా టీమ్ మొత్తాన్ని తీసేసింది. అప్లికేషన్‌లో ఎక్కడ పనిచేస్తున్నారు అన్న చోట నేను రాసింది ఆ కంపెనీ పేరే. కొత్త ఆఫర్ వచ్చింది, వాళ్ల హెచ్‌ఆర్ మీ ఎంప్లాయ్‌మెంట్ వీసా పంపండి అని మెయిల్. ఓసీఐకి అది అక్కర్లేదు, జర్నలిజం, మిషనరీ పని, పర్వతారోహణ లాంటి కొన్నింటికే 2021 నోటిఫికేషన్ ప్రకారం స్పెషల్ పర్మిషన్ కావాలి అని మూడుసార్లు రాశా. నేను చేసేది పేరోల్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అండీ, కొండలెక్కడం కాదు. చివరికి ఒప్పుకున్నారు, చేరాను. అప్లికేషన్‌లో కంపెనీ పేరు మారిందని ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో అడిగితే ఒక్కరూ చెప్పలేదు, నేనూ తర్వాత చూద్దాంలే అని ఊరుకున్నా. తప్పు నాదీ ఉంది.

ఆ తర్వాత వెరిఫికేషన్‌కి ఒకాయన పాత కంపెనీకి వెళ్లాడట. రిసెప్షన్‌లో కొత్తమ్మాయి, ఆ పేరుతో ఎవరూ లేరండీ అంది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కానీ అది కాగితం మీదకి వచ్చేసరికి దరఖాస్తుదారు ఇచ్చిన వివరాలు సరిగా లేవు అని అయింది.

ఏ ఆఫీసో రాయను. ఏడుసార్లు తిరిగాను. మన ఊళ్లలో గోడల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసేవాళ్లు, ఇక్కడ కన్నడలో నాళె బా అని తలుపుల మీద రాసేవాళ్లట, దెయ్యం రేపు వస్తానని వెళ్లిపోతుందని. నా కేసు చూసే కేస్ వర్కర్ అది నోటితోనే అనేవాడు, నాళె బన్ని మేడం. ఏడోసారి మాత్రం రేపు రమ్మనలేదు. వివరాలు తప్పని రాసేశారు కదా, మళ్లీ మొదట్నుంచి అప్లై చేసుకోండి అన్నాడు, తలెత్తకుండా.

బయటికొచ్చాను. కాంపౌండ్ గోడ పక్కన పెద్ద నల్ల గొడుగు, దాని కింద చిన్న టేబులు, లాప్‌టాప్, ప్రింటరు, అర్జీలు టైప్ చేసే పెద్దాయన. అరవై దాటుంటాయి. నేను ఆయన కోసం ఆగలేదు, నీడ కోసం ఆగాను. పాస్‌పోర్ట్ చేతిలోనే ఉంది, నీలం రంగుది, దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నేను ఫోన్లో మా ఆయనతో తెలుగులో ఏడుస్తుంటే విన్నాడు. ఫోన్ పెట్టేశాక అడిగాడు.

"యా ఊరుమా నీది?"

నవ్వకండి, నేను ఆ మాటకి అక్కడే కూలబడిపోయాను. ఏడుసార్లలో ఆ బిల్డింగ్‌లో ప్రతి మనిషీ విచ్ కంట్రీ మేడం అనే అడిగారు. గేటు దగ్గర, కౌంటర్ దగ్గర, లిఫ్ట్‌లో కూడా. ఊరు ఎవరూ అడగలేదు. నెల్లూరు అన్నా. "మాది ముళబాగిలు పక్కన," అని ప్లాస్టిక్ కుర్చీ నావైపు తోశాడు. "ఏడవొద్దుమా, కాగితం తడిసిపోతాది, మళ్లా ప్రింట్ తీయాలంటే అయిదు రూపాయలు."

మొత్తం విన్నాడు, మధ్యలో ఒక్కమాట అనలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "అప్లికేషన్ ఏసిన రోజు నువ్వు రాసింది నిజమేనా?" నిజమే అన్నా. "మరి యాల భయం? ఆ పొద్దు అది నిజం, ఈ పొద్దు ఇది నిజం, దీన్ని గూడా రాసియ్యి."

ఇంత చిన్న విషయం అన్ని నెలల్లో నాకెవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు, నేను దొంగతనం చేసినట్టే తిరుగుతున్నా.

బ్యాగులో ఉన్నవన్నీ టేబుల్ మీద పరిచాడు, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, కొత్త అపాయింట్‌మెంట్ లెటర్, రెండు పేస్లిప్పులు. కళ్లద్దాలు పైకి తోసి పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసి, "ఈ నెంబరు రెండిట్లోనూ ఒకటేగా ఉండేది, ఇదేందిమా?" అన్నాడు. పీఎఫ్ యూఏఎన్ నెంబరు, ఉద్యోగం మారినా అది మారదు. "అయితే దీన్ని పైన పెట్టుదాం." నేను సాఫ్ట్‌వేర్‌లో రోజూ చూసే నెంబరది, పేరోల్ నా పని, నాకు కనపడలేదు, ఆయనకి కనపడింది. కన్నడలో రెండు పేజీల అర్జీ కొట్టాడు, ఫలానా తేదీ దాకా ఫలానా చోట, ఫలానా తేదీ నుంచి ఫలానా చోట, జతపరిచినవి ఇవి అని వరుస నెంబర్లతో. రెండు కాపీలు. "ఒకటి వాళ్లకి, ఇంకోటి మీద సీలు ఏయించుకోని నీ దగ్గర పెట్టుకో, సీలు లేని కాపీ పొట్లాలు కట్టేదానికి పనికొస్తాది."

తపాల్ సెక్షన్‌లో తీసుకోం అన్నారు. తిరిగొచ్చి చెప్తే ఆయన జిరాక్స్ కుర్రాడిని టేబుల్ చూస్తుండమని నాతో లోపలికొచ్చాడు. అప్పటికే ఇద్దరు ముగ్గురు అర్జీల కోసం నిలబడున్నారు, వాళ్లు వెళ్లిపోయారు, నేను చూశాను. లోపల గొంతు పెంచలేదు, చట్టం గిట్టం మాట్లాడలేదు. కౌంటర్ పక్కన నిలబడి "సీల్ హాకి స్వామి" అన్నాడు, అంతే, వాళ్లు ఏదో అన్నారు, మళ్లీ అదే అన్నాడు. నలభై నిమిషాలు నిలబడ్డాం. మోకాళ్లు నొప్పులనుకుంటా, ఒక కాలు మార్చి ఒక కాలు మీద బరువు వేస్తున్నాడు. సీలు పడింది.

అయిదొందలు ఇస్తే నాలుగొందల ఇరవై లెక్కపెట్టి తిరిగిచ్చాడు. టైపింగ్ ఎనభై. మిగతాది ఉంచుకోండి అంటే, "లోపలికొచ్చింది నా కాళ్లకి మంచిదిమా, డాక్టరు నడవమన్నాడు" అన్నాడు.

ఇక్కడ ఒక్క మాట అనకపోతే నాకు మనసాగదు. ఫైలు జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఢిల్లీకి వెళ్లాలి, మధ్యలో పోలీసు వెరిఫికేషన్, ఇంటెలిజెన్స్ వెరిఫికేషన్, సరే, పౌరసత్వం అంటే ఆషామాషీ కాదు, చూడాల్సిందే. కానీ అన్నాళ్లూ మనిషి మాత్రం ఉద్యోగం మారకుండా, ఇల్లు మారకుండా, ఫోన్ నెంబరు మారకుండా బొమ్మల కొలువులో బొమ్మలాగా కూర్చోవాలంటే ఎలా? బెంగళూరులో? ఇక్కడ కంపెనీలే రెండేళ్లు ఉండట్లేదు. ఉద్యోగం మారితే ఇదిగో ఈ కాగితం ఇక్కడివ్వండి అని ఒక్క బోర్డు పెడితే పోయేదానికి ఏడుసార్లు తిప్పారు, ఏడు లీవులు, కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్‌లో. సరే వదిలేద్దాం, మళ్లీ బీపీ.

ఆ అర్జీ ఇచ్చిన ఆరు వారాలకి మళ్లీ వెరిఫికేషన్ వేశారు, ఈసారి కొత్త ఆఫీసుకి, ఇంటికి. అది అయ్యాక పెద్దాయన దగ్గరికి నెల్లూరు మలై కాజాలు అరకిలో పట్టుకెళ్లా. ఒకటి తిని, షుగరుందిమా అని మిగతావి జిరాక్స్ కుర్రాడికిచ్చేశాడు. వాడు నన్ను దేవతలా చూశాడు. మీ గురించి రాస్తానంటే రాసుకో అన్నాడు, కానీ ఆయన ఇది చదవలేడు, తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, బడి అంతా కన్నడమే. అడిగితే చదివి వినిపించడానికి వెళ్తా ఎప్పుడైనా. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.

మా ఆయనకి, అత్తయ్యకి, అక్కడ అర్ధరాత్రి దాకా మేల్కొని ఫోన్లెత్తిన అమ్మకి వేరే చెప్పేదేముంది, మీకు తెలుసు. నాన్నా, నువ్వు పంపిన పాత పేపర్లు పనికొచ్చాయి.

ఇంకా, ఇంటికి వెరిఫికేషన్‌కొచ్చిన కానిస్టేబుల్ గారు ముందు రోజు ఫోన్ చేసి, మేడం ఆఫీసుంటే ఏడింటికి వస్తాను అన్నారు, అలా ఎవరూ అడగరు, థాంక్స్ సార్. ఏడు లీవులకీ ఎందుకని అడగని నా మేనేజర్‌కి కూడా. పీఎఫ్‌లో ఇంటర్నేషనల్ వర్కర్ అన్న గడి టిక్ చేయాలా వద్దా అని రెండు రోజులు కూర్చున్న పేరోల్ అబ్బాయికి. కింద ఫ్లోర్ ఆంటీకి, పాపని స్కూల్ బస్సు దగ్గర నుంచి తెచ్చినందుకు, ఆంటీ మీ టిఫిన్ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, రేపిస్తా.

అయ్యో, పాత కంపెనీ సెక్యూరిటీ అన్నని మర్చిపోయా. రిసెప్షన్ అమ్మాయి లేదన్నాక ఆయన గేటు దగ్గర ఆ వెరిఫికేషన్ ఆయన్ని ఆపి, సార్ ఆ మేడం ఇక్కడే పనిచేసేవారు, నీలం యాక్టివా, పోయిన నెలే మానేశారు అని చెప్పాడట. అది ఎవరూ రాసుకోలేదు. నాకు నిన్ననే తెలిసింది.