సరిహద్దు ఒప్పందాల్లో అనుబంధాలు కూడా చదవండి

సంపాదకులకు,

పొరుగు దేశాల మధ్య సరిహద్దు చర్చల వార్తలు ఎవరు ఎవరిని కలిశారు, ఎప్పుడు సంతకాలు చేశారు అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఒప్పందం నిలుస్తుందా, మళ్లీ గొడవవుతుందా అన్నది తేలేది దాని వెనక జతచేసే పటాల్లో, అనుబంధాల్లో. వాటిలో ఏముందో కూడా రాయమని మనవి.

ముందు చూడాల్సింది పటం స్కేలు. 1:10,00,000 పటం మీద ఒక మిల్లీమీటరు మందం గీత నేల మీద కిలోమీటరు వెడల్పు. 1:50,000 పటంలో అదే గీత 50 మీటర్లు. హద్దు గీతకు ఏ అంచున ఉందో రాసుకోకపోతే రెండు సర్వే బృందాలూ ఒకే పటం పట్టుకుని, ఏ దురుద్దేశమూ లేకుండానే, వేర్వేరు చోట్ల రాళ్లు పాతుతాయి. ఒప్పందంలోని మాటకూ పటానికీ పొంతన కుదరకపోతే ఏది చెల్లుతుందో కూడా ముందే రాయాలి. థాయిలాండ్, కంబోడియాల ప్రేహ్ విహార్ గుడి తగాదా మూలం ఇదే. 1904 ఒప్పందం జలవిభాజక రేఖే, అంటే వాననీరు రెండు వైపులకూ విడిపోయి పారే మిట్ట గీతే, హద్దు అంది. ఆ తర్వాత, అప్పట్లో కంబోడియాను పాలిస్తున్న ఫ్రెంచి అధికారులు తయారుచేసిన పటం గుడిని కంబోడియా వైపు చూపింది. థాయిలాండ్ ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పలేదు కనుక ఆ పటమే చెల్లుతుందని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లో తేల్చింది. గుడి పక్క నేల గురించి 2013లో ఇంకో తీర్పు వచ్చింది. 2025లో ఆ సరిహద్దు మీద మళ్లీ కాల్పులు జరిగాయి. పొరుగు దేశం కొత్త పటం అచ్చువేసినప్పుడల్లా విదేశాంగ శాఖ నిరసన లేఖ పంపడం బయటివాళ్లకు చాదస్తంలా కనిపిస్తుంది. రేపు కోర్టులో పనికొచ్చే కాగితం అదే.

ఎవరూ చూడని నేల మీద గీసిన గీతది మరో రకం చిక్కు. 1942 రియో ఒప్పందం ఈక్వడార్, పెరూల మధ్య ఒక భాగంలో సమోరా, సాంతియాగో నదుల జలవిభాజక రేఖను హద్దు చేసింది. తర్వాత విమానం నుంచి తీసిన ఫొటోల్లో ఆ రెండింటి నడుమ సెనేపా నది అనుకున్నదానికంటే చాలా పొడవని తేలింది. దాంతో ఒక్కటే అనుకున్న రేఖ రెండయింది. సుమారు 78 కిలోమీటర్ల మేర రాళ్లు పడలేదు, 1995లో అక్కడే యుద్ధం జరిగింది. 1998లో బ్రెజీలియాలో కుదిరిన పరిష్కారంలో హద్దు పెరూ కోరిన చోటే పడింది. కానీ తివింత్సా దగ్గర చదరపు కిలోమీటరు నేల ఈక్వడార్‌కు ప్రైవేటు ఆస్తిగా దక్కింది, సార్వభౌమాధికారం మాత్రం పెరూదే. ఇంటికి వెళ్లి జనానికి చెప్పుకోవడానికి ఇద్దరు నాయకులకూ ఏదో ఒకటి మిగిల్చిన ఇలాంటి షరతు రాయడం గీత గీయడంకన్నా కష్టమని నా అభిప్రాయం.

నది హద్దయితే ‘నది’ అని రాస్తే సరిపోదు. ఒడ్డా, నడిమధ్యా, పడవలు నడిచే లోతైన పాయా? నది మెల్లగా ఒరుసుకుంటూ జరిగితే హద్దూ దానితో జరుగుతుందనీ, ఒక్క వరదకే దారి మార్చుకుంటే పాత పాయ దగ్గరే ఉంటుందనీ సాధారణ సూత్రం. రెండిట్లో ఏది జరిగిందన్న మీదే రియో గ్రాండే నది పక్కన చామిజాల్ అనే నేల కోసం అమెరికా, మెక్సికోల తగాదా నడిచింది. చివరికి 1963లో ఒప్పందం చేసుకుని నదిని కాంక్రీటు కాలువలో పెట్టారు.

సంతకమయ్యాక పార్లమెంటు ఆమోదం ఉంటుంది. భారత్, బంగ్లాదేశ్‌ల భూసరిహద్దు ఒప్పందం 1974 నాటిది. బంగ్లాదేశ్ అదే ఏడాది ఆమోదించింది. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ కావాలని బేరుబారీ (పశ్చిమ బెంగాల్‌లో పాకిస్తాన్‌కు కొంత ఇవ్వదలచిన ప్రాంతం) వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. మన 100వ సవరణ 2015లో గాని రాలేదు. ఆ ఏడాది జూలై 31 అర్ధరాత్రి బంగ్లాదేశ్‌లోని 111 భారత ఎన్‌క్లేవ్‌లూ (చుట్టూ పరాయి దేశమే ఉన్న నేల తునకలు), భారత్‌లోని 51 బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్‌లూ చేతులు మారాయి. ఏ దేశ పౌరసత్వం కావాలో అక్కడివాళ్లనే ఎంచుకోనిచ్చారు. అందుకు ఇరుపక్షాలూ కలిసి ముందే, 2011లో, జనాన్ని లెక్కించాయి.

ఇక నేల మీద పని. ఉమ్మడి బృందం ఒక రాయి దగ్గర నిలబడితే తర్వాతి రాయి కనిపించేలా పాతాలి, ప్రతి రాయికీ అక్షాంశ రేఖాంశాలు కొలిచి రెండు పక్షాలూ సంతకం చేయాలి, మధ్యలో పొదలు కొట్టి చూపు సాగేలా ఉంచాలి. కొట్టుకుపోయిన రాయిని ఎవరి ఖర్చుతో మళ్లీ నిలబెట్టాలన్నది కూడా కాగితం మీద ఉండాలి. ఈ వివరాలు బయటపెట్టారా లేదా అని మీ విలేకరులు అధికారులను అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు